అక్షరం రాకముందే ఓడగొడుతున్నరు

జూన్ నెల వస్తే ఊరూరా బడిబాట. పంతుళ్ళు రిజిస్టర్లు చంకన పెట్టుకుని మాల, మాదిగ వాడల్లో ఇంటింటికీ తిరుగుతారు. అయిదేండ్లు నిండిన ప్రతి పిల్లను, పిల్లగాడిని ఒకటో తరగతిలో రాసుకుంటారు. అందరూ బడిలో చేరిండ్రని పైకి లెక్క పంపుతారు. అక్కడిదాకా బాగానే ఉన్నది. దసరా సెలవులు అయిపోయి సంక్రాంతి దగ్గర పడేసరికి ఇంకో మాట వినబడుతది: "ఈ వాడ పిల్లగాండ్లకు చదువు ఎక్కుతలేదు. ఏం చెప్పినా బుర్రలకు పోతలేదు. ఇంటికాడ అవ్వ, అయ్య పట్టించుకోరు."

ఈ మాటను ఊరికే విని ఊరుకోవద్దు. ఇది కొత్త మాట కాదు, పాత మాటకు కొత్త అంగీ తొడిగిండ్రు. వెనకట "మీకు చదువు తగదు" అన్నరు. రాజ్యాంగం వచ్చినంక ఆ మాట బాహాటంగా అనే వీలు లేదు గనుక "మీకు చదువు ఎక్కదు" అంటున్నరు. తగదు అన్నా, ఎక్కదు అన్నా చివరికి జరిగేది ఒక్కటే. మన పిల్ల ముందు వెనక వరుసకు పోతది, వెనక వరుస నుంచి పత్తి చేనుకు పోతది.

అసలు సంగతి వేరే ఉన్నది. ఒకటో తరగతి అందరికీ ఒక్క తీరుగా మొదలు కాదు. షావుకారు కొడుకు, పంతులు బిడ్డ ఒకటో తరగతిలో అడుగు పెట్టేనాటికి మూడేండ్ల చదువు చదివి వస్తరు. బొమ్మల పుస్తకం తిప్పి ఉంటరు, రంగులు పూసి ఉంటరు, కథలు విని ఉంటరు. మన పిల్ల ఆ మూడేండ్లు తమ్ముడిని ఎత్తుకుని వాకిట్ల తిరిగి ఉంటది, లేకుంటే తల్లి వెంట చేను గట్టు మీద కూచుని ఉంటది. ఒకటో తరగతి పుస్తకం ఆ ఇద్దరికీ ఒక్కటే. అది మూడేండ్లు ఆడి పాడి వచ్చిన పిల్లలను చూసి రాసిన పుస్తకం. నారుమడికి నీళ్ళు పెట్టకుండా, నాటు వేసినంక పైరు ఎదగలేదని గింజను తిట్టే రైతు ఎక్కడన్నా ఉంటడా? మన పిల్లల విషయంలో సర్కారు చేస్తున్నది సరిగ్గా అదే.

బడికి తయారు కావడం అంటే ఏంది?

చాలామంది తల్లిదండ్రులు అ ఆ ఇ ఈలు, ఏబీసీడీలు, వంద దాకా ఒంట్లు వస్తే పిల్ల బడికి తయారైనట్టే అనుకుంటున్నరు. కాదు. అవి చిలక పలుకులు. బడికి తయారు కావడం అంటే కొన్ని చిన్న చిన్న పనులు చేతికి, చెవికి, నోటికి అలవాటు కావడం.

కథ చెబితే చివరిదాకా వినాలె, విన్నదాన్ని తన మాటల్లో తిరిగి చెప్పాలె. కడవ, కట్టె, కల్లం అంటే మూడింటికీ మొదట వచ్చే చప్పుడు ఒక్కటేనని పట్టుకోవాలె. ఆ చప్పుడు పట్టుకున్న పిల్లకే తర్వాత 'క' అనే గుర్తు అర్థమైతది. గుప్పెడు చింతగింజలు రెండు కుప్పలు పోస్తే ఏది ఎక్కువ, ఏది తక్కువ చెప్పాలె. పెద్దది చిన్నది, ముందు వెనక, పైన కింద తెలవాలె. సుద్దముక్క పట్టే బలం వేళ్ళకు రావాలె. నలుగురు పిల్లలతో కూచుని తన వంతు వచ్చేదాక ఆగాలె. అన్నిటికన్నా ముఖ్యం, తన పేరు గట్టిగా చెప్పాలె, పెద్దమనిషిని చూసి వణకకుండా "నాకు అర్థం కాలేదు" అనాలె.

ఈ చివరిది చిన్న సంగతి కాదు. తరతరాలుగా పెద్దింటోడి ముందు తలవంచి నిలబడమని నేర్పిన సమాజం ఇది. మన పిల్లకు మొదటి ప్రశ్న అడిగే ధైర్యం నాలుగేండ్లకు రాకుంటే, నలభై ఏండ్లకు గ్రామసభలో లేచి అడిగే ధైర్యం యాడికెళ్ళి వస్తది?

లెక్కలు ఏం చెబుతున్నయి

ఇది మేము ఆవేశంలో చెబుతున్న మాట కాదు. ఢిల్లీలోని అంబేద్కర్ యూనివర్సిటీ, అసర్ సెంటర్, యునిసెఫ్ కలిసి 2011 నుంచి అయిదేండ్లు ఒక పెద్ద పరిశీలన చేసినయి. రాజస్థాన్, అస్సాం, అప్పటి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లోని తెలంగాణ పల్లెల్లో సుమారు 14,000 మంది నాలుగేండ్ల పిల్లలను ఎంచుకుని, వాళ్ళకు ఎనిమిదేండ్లు వచ్చేదాక వెంట ఉండి చూసిండ్రు. 2017లో ఆ నివేదిక అచ్చయింది. దాంట్లో తేలిన సంగతులు మూడు. మొదటిది, అయిదేండ్లకు బడికి తయారుగా వచ్చిన పిల్లలే తర్వాతి తరగతుల్లో బాగా నేర్చుకున్నరు. రెండోది, అయిదేండ్లకు ఉండాల్సిన తయారీ ఎక్కువమంది పిల్లలకు లేనే లేదు. మూడోది మనం బాగా గుర్తు పెట్టుకోవాల్సింది. పిల్లను ఎక్కడో ఒకచోట చేర్పించినంత మాత్రాన లాభం లేదు, అక్కడ ఏం జరుగుతున్నది అన్నదే అసలు. అంగన్వాడీల్లో బువ్వ తప్ప చదువు అంతంత మాత్రం. ప్రైవేటు నర్సరీల్లో ఆట, పాట లేకుండా బట్టీ. రెండూ పిల్లల వయసుకు తగ్గట్టు లేవు. ఒక పద్ధతి ప్రకారం ఆడించి, మాట్లాడించి నేర్పిన చోటనే పిల్లలు ముందుకు పోయిండ్రు.

మన పాలమూరు పిల్లలనే దగ్గరగా చూసిన అధ్యయనం ఇంకొకటి ఉన్నది. ఆక్స్‌ఫర్డ్ యూనివర్సిటీ వాళ్ళ 'యంగ్ లైవ్స్' అధ్యయనం 2002లో ఉమ్మడి రాష్ట్రంలో 3,000 మంది పిల్లలతో మొదలైంది. ఎంచుకున్న జిల్లాల్లో మహబూబ్‌నగర్ ఒకటి. ఆ పిల్లలు పెరిగి పెద్దయ్యేదాక వాళ్ళ వెంట నడిచిండ్రు. పల్లెల్లో పేదింటి పిల్ల అంగన్వాడీకి, కలిగినింటి పిల్ల ప్రైవేటు నర్సరీకి పోతున్నదని, ఆ చీలిక బడి మొదలు కాకముందే పడుతున్నదని చూపిండ్రు. పసితనంలో సరైన తిండి లేక ఎదుగుదల కుంగిన పిల్లలు తర్వాత చదువుల్లో కూడా వెనకబడుతున్నరని చూపిండ్రు. అంటే కడుపు, బుర్ర వేరు వేరు కాదు. బువ్వ పెట్టాలె, చదువూ పెట్టాలె.

సముద్రం అవతల మన లాంటి బతుకు బతికిన నల్లజాతి వాళ్ళ అనుభవం కూడా చూడండి. అమెరికాలో మిషిగన్ రాష్ట్రం ఇప్సిలాంటి అనే ఊళ్ళో 1962లో పేద నల్లజాతి పిల్లలకు మూడు, నాలుగేండ్ల వయసులో ఒక మంచి బాలబడి పెట్టిండ్రు. దాని పేరు పెర్రీ ప్రీస్కూల్. మొత్తం 123 మందిలో 58 మంది ఆ బడికి పోయిండ్రు, 65 మందికి ఆ అవకాశం లేదు. టీచర్లు వారానికోసారి ఇంటికి పోయి తల్లితో కూచుని మాట్లాడేది. ఈ రెండు గుంపులను నలభై ఏండ్ల వయసు దాకా లెక్క కట్టిండ్రు. బాలబడికి పోయినోళ్ళలో 77 శాతం హైస్కూలు దాటిండ్రు, పోనోళ్ళలో 60 శాతమే దాటిండ్రు. సంపాదనలోనూ తేడా కనబడ్డది. "నల్లోళ్ళకు పుట్టుకతోనే తెలివి తక్కువ" అని అక్కడి దొరలు చెప్పిన మాట అబద్ధమని తేలింది. "మాల మాదిగలకు చదువు ఎక్కదు" అనే ఇక్కడి మాట కూడా అంతే అబద్ధం.

బువ్వ హక్కు, చదువు దయ

మరి ఈ మూడేండ్ల చదువు మన పిల్లలకు ఎందుకు దొరకలేదు? చట్టం కాడికి పోదాం.

రాజ్యాంగం రాసినప్పుడు 45వ అధికరణంలో పద్నాలుగేండ్లు నిండేదాక పిల్లలందరికీ ఉచిత నిర్బంధ విద్య అందించేందుకు, రాజ్యాంగం వచ్చిన పదేండ్లలోపల, ప్రయత్నం చేయాలని రాసిండ్రు. 1948 నవంబరులో రాజ్యాంగ సభలో దీన్ని ప్రాథమిక చదువుకు కుదించమని సవరణ వచ్చింది. బాబాసాహెబ్ అంబేద్కర్ ఒప్పుకోలేదు. పద్నాలుగేండ్ల లోపు పిల్లలను పనిలో పెట్టొద్దని రాసుకున్నప్పుడు ఆ వయసు దాకా పిల్ల చదువులోనే ఉండాలె కదా అని ఆయన వాదన. ఒక సంగతి గమనించండి. ఆ అధికరణంలో పై హద్దు పద్నాలుగు అని ఉన్నది గానీ కింది హద్దు లేదు. పద్నాలుగు లోపు అంటే మూడేండ్ల పిల్లా అందులోనే, నాలుగేండ్ల పిల్లా అందులోనే.

1993లో ఉన్నికృష్ణన్ కేసులో సుప్రీంకోర్టు పద్నాలుగేండ్ల దాకా చదువు ప్రాథమిక హక్కేనని తీర్పు చెప్పింది. ఆ కేసు మన ఆంధ్రప్రదేశ్ సర్కారు మీద నడిచిందే. 2002లో 86వ సవరణ తెచ్చిండ్రు. చదువు హక్కు ఇచ్చినమని డప్పు కొట్టుకున్నరు. కానీ ఆ హక్కు ఆరు నుంచి పద్నాలుగేండ్ల దాకనే. మొదటి ఆరేండ్లను కత్తిరించి, వాటి గురించి "రాజ్యం ప్రయత్నం చేయాలె" అని ఒక మెత్తని మాట రాసి పక్కన పెట్టిండ్రు. 2010 ఏప్రిల్ 1 నుంచి అమలైన విద్యాహక్కు చట్టంలో 11వ సెక్షన్ మూడు నుంచి ఆరేండ్ల పిల్లల చదువుకు సర్కారు ఏర్పాట్లు "చేయవచ్చు" అంటది. చేయాలె అనదు, చేయవచ్చు అంటది. ఆ ఒక్క మాట కింద మన పిల్లల మూడేండ్లు నలిగిపోయినయి. 2013 ఆహార భద్రత చట్టం అంగన్వాడీలో బువ్వను హక్కు చేసింది. అదే అంగన్వాడీలో చదువు మాత్రం సర్కారు దయగానే మిగిలింది. 2020 జాతీయ విద్యా విధానం మూడేండ్ల నుంచే చదువు మొదలన్నది, పునాది దశ అని పేరు పెట్టింది. పేరు పెట్టినంత మాత్రాన పునాది పడదు. హక్కుగా రాయని దాన్ని కోర్టు కాడ అడగలేం.

వాకిట్ల బడి ఊరి నడుమకు పోయింది

అంగన్వాడీ అనే పేరులోనే ఒక చరిత్ర ఉన్నది. అంగన్ అంటే వాకిలి. మహారాష్ట్రలో 1945లో బోర్డీ అనే ఊళ్ళో తారాబాయి మోదక్, అనుతాయి వాఘ్ బాలవాడీ పని మొదలుపెట్టిండ్రు. పేద వాడల పిల్లలు బాలవాడీకి రాలేకపోతే, బడినే వాళ్ళ వాకిట్లకు తీసుకుపోయిండ్రు. పిల్ల బడికి రాకుంటే బడి పిల్ల కాడికి పోవాలె అన్నదే అంగన్వాడీ మూలం. 1975 అక్టోబర్ 2న సమగ్ర శిశు అభివృద్ధి పథకం దేశంలో 33 చోట్ల మొదలైంది. ఇప్పుడు తెలంగాణలో 35 వేలకు పైగా కేంద్రాలున్నయి.

మరి మన ఊళ్ళో ఆ కేంద్రం ఎక్కడున్నది? ఇది ప్రతి సంఘం అడగాల్సిన మొదటి ప్రశ్న. చాలా ఊళ్ళల్లో అది ఊరి నడుమ ఉంటది, పంచాయతీ ఆఫీసు పక్కనో, పెద్ద కులాల ఇండ్ల మధ్య కిరాయి గదిలోనో. మూడేండ్ల పిల్ల వాడ నుంచి ఒక్కతే అంత దూరం నడవలేదు. పొద్దుగాల్నే కూలికి పోయే తల్లి దించి రాలేదు. దించినా అక్కడ ఎవరి వాకిలి ముందు ఆడొద్దో, ఎవరి నీళ్ళ బిందె ముట్టొద్దో మూడేండ్లకే నేర్చుకుంటది. అక్షరం కంటే ముందు అంటరానితనం నేర్పే బడి మనకు ఎందుకు?

ఇది మేము ఊహించి రాస్తున్నది కాదు. ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ దళిత్ స్టడీస్ 2003లో ఆంధ్రప్రదేశ్‌తో సహా అయిదు రాష్ట్రాల్లో 531 ఊర్లు తిరిగి మధ్యాహ్న భోజనం, రేషన్ దుకాణాల తీరు చూసింది. బువ్వ వండే చోటు పెద్ద కులాల ఇండ్ల మధ్య ఉంటే దళిత పిల్లలకు అది దూరమైతున్నదని, వండేది దళిత మనిషైతే పెద్ద కులాల వాళ్ళు అడ్డం తిరుగుతున్నరని బయటపెట్టింది. బడి బువ్వకు ఏ నీతి పట్టిందో అంగన్వాడీ బువ్వకూ అదే పడుతది.

కోర్టు మాత్రం మన వైపు మాట్లాడింది. తిండి హక్కు కేసులో సుప్రీంకోర్టు 2001 నవంబర్ 28న ప్రతి ఆవాసానికి అంగన్వాడీ ఉండాలన్నది. 2004లో ఎస్సీ, ఎస్టీ ఆవాసాలకు ముందుగా ఇవ్వాలన్నది. 2006 డిసెంబర్ 13న ఇంకా తేటగా చెప్పింది. ఏ ఆవాసంలోనైనా ఆరేండ్ల లోపు పిల్లలు 40 మంది ఉండి అంగన్వాడీ లేకుంటే, జనం అడిగిన మూడు నెలల లోపల పెట్టి తీరాలె. ఈ తీర్పు ఎంతమందికి తెలుసు? తెలవకుండా ఉండడమే ఆఫీసర్లకు లాభం.

లోపల ఏం జరుగుతున్నది

కేంద్రం వాడలో ఉన్నా లోపల చదువు లేకుంటే అది బువ్వ గదే. అట్లని టీచరమ్మ మీద విరుచుకుపడితే మనం కూడా తప్పు దారి పట్టినట్టే. ఆమె చేతిలో ఎన్ని పనులు పెట్టిండ్రో చూడండి. బాలామృతం పంచాలె, గుడ్ల లెక్క రాయాలె, గర్భిణులకు, బాలింతలకు ఆరోగ్యలక్ష్మి బువ్వ పెట్టాలె, పిల్లల బరువు తూయాలె, టీకాల రోజు పోగు చేయాలె, 2021 నుంచి పోషణ్ ట్రాకర్ అని ఫోనులో ఎక్కించాలె, ఓట్ల లిస్టు పని వస్తే అదీ చేయాలె. ఇన్నిటి నడుమ ముప్పై మంది పసిపిల్లలకు కథ ఎప్పుడు చెబుతది?

2017లో కార్యకర్త అనే పేరు తీసి టీచర్ అని పిలుస్తమన్నరు. పేరు మారింది, బతుకు మారలే. కేంద్రం 2018లో ఖరారు చేసిన గౌరవ వేతనం నెలకు 4,500. రాష్ట్రం కలిపి 2021లో టీచరుకు 13,650, ఆయాకు 7,800 చేసిండ్రు. పనికి జీతం అనరు, గౌరవ వేతనం అంటరు. ఇరవై ఏండ్లు చేసినా ఉద్యోగి కాదు. 2022 ఏప్రిల్ 25న వీళ్ళకు గ్రాట్యుటీ ఇవ్వాల్సిందేనని సుప్రీంకోర్టు చెప్పింది. 2023 సెప్టెంబరులో తెలంగాణ అంతటా వీళ్ళు సమ్మెకు దిగింది ఈ బాధలతోనే. టీచర్లుగా, ఆయాలుగా పని చేస్తున్నోళ్ళలో మన అక్కచెల్లెండ్లు ఎంతోమంది ఉన్నరు. వాళ్ళ కొట్లాట మన కొట్లాట. కానీ ఒక మాట వాళ్ళకూ చెప్పాలె: అక్కా, నీ జీతం కోసం మేము నీతో కూచుంటం, మా పిల్లకు రోజూ ఒక కథ, ఒక పాట, ఒక ఆట నువ్వు ఇవ్వాలె. వాడ పిల్లను పక్కన కూచోబెట్టే టీచరు ఏ కులం మనిషైనా మేము ఒప్పుకోం.

ఇంకో దిక్కు పచ్చ బస్సులు వాడల దాకా వస్తున్నయి. నర్సరీ, ఎల్‌కేజీ, యూకేజీ. అప్పు తెచ్చి, పుస్తెలు కుదువ పెట్టి పంపుతున్నరు. తల్లిని తప్పు పట్టలేం, సర్కారు చోటు ఖాళీ చేస్తే ఎవడో ఒకడు దుకాణం పెడతడు. కానీ ఆ దుకాణంలో దొరికేది టై, బెల్టు, బట్టీ పట్టిన ఇంగ్లీషు పాట. ఫీజు కట్టలేక రెండో ఏడు మానిపించి అంగన్వాడీకి, అక్కడి నుంచి సర్కారు బడికి తిప్పుతున్నరు. పిల్ల ఎక్కడా కుదురుకోదు. పైగా ఒక్క ఇంట్లో కొడుకు కాన్వెంటుకు, బిడ్డ అంగన్వాడీకి. యంగ్ లైవ్స్ అధ్యయనం ఈ ఆడ మగ తేడాను కూడా ఎత్తి చూపింది. కులం మన మీద చేసే అన్యాయాన్ని మనం మన బిడ్డ మీద చేయొద్దు.

వలస, పత్తి, తండా

పాలమూరు సంగతి మళ్ళీ వేరు. 2011 జనాభా లెక్కల్లో ఉమ్మడి రాష్ట్రంలోని 23 జిల్లాల్లో అక్షరాస్యతలో అట్టడుగున ఉన్నది మహబూబ్‌నగరే, 55 శాతం. పాలమూరు లేబర్ కట్టిన ప్రాజెక్టులు, రోడ్లు, మేడలు దేశమంతా ఉన్నయి. గుంపు మేస్త్రీ వెంట తల్లిదండ్రులు పోతే పసిపిల్ల వాళ్ళ వెంట పోతది. ఆ పిల్ల పేరు ఊళ్ళో అంగన్వాడీ రిజిస్టర్లో ఉంటది, పిల్ల మాత్రం ఎక్కడో సిమెంటు బస్తాల నడుమ ఉంటది. యాభై మందికన్నా ఎక్కువ ఆడోళ్ళు పని చేసే కట్టడం కాడ పిల్లల గది పెట్టాలని 1996 నిర్మాణ కార్మికుల చట్టంలో రాసిండ్రు. అయిదుగురు పిల్లలు పని కాడికి వస్తే వాళ్ళను చూసేందుకు ఒక మనిషిని పెట్టి కూలి ఇవ్వాలని 2005 ఉపాధి హామీ చట్టంలో రాసిండ్రు. రాసిన కాగితం కంట్రాక్టరు కాడికి ఎన్నడన్నా చేరిందా? మన లేబర్‌ను అడగండి.

అంగన్వాడీ సరిగ్గా నడవకుంటే నష్టపోయేది ఒక్క పిల్ల కాదు, ఇద్దరు. తల్లి కూలికి పోతే చిన్నదాన్ని ఎవరు చూడాలె? ఎనిమిదేండ్ల అక్క. నడిగడ్డలో సీడ్ పత్తి క్రాసింగ్ పనికి ఆడపిల్లలను దింపిన కథ అందరికీ తెలిసిందే. బడి మానిన ఆ అక్కల్లో ఎంతమంది ముందు తమ్ముడి కోసం మానిండ్రో ఎవరన్నా లెక్క తీసిండ్రా? అంగన్వాడీ పొద్దంతా నడిస్తే చిన్నది నేర్చుకుంటది, పెద్దది బడికి పోతది, తల్లి గుండె నిమ్మళంగా కూలికి పోతది.

దేవరకొండ దిక్కు లంబాడా తండాల్లో పిల్ల ఇంట్లో గోర్ బోలి మాట్లాడుతది. బడిలో మొదటి రోజే తెలుగు, దాని వెంట ఇంగ్లీషు. తండా మనిషి టీచరుగా ఉండి ఇంటి మాటతో మొదలుపెట్టి మెల్లగా తెలుగుకు తెస్తే పిల్ల బెదరదు. లేకుంటే ఆ పిల్ల మూగది కాదు గానీ మూగదాని లెక్క కూచుంటది. నల్లమలలో చెంచు పెంటలు ఊరికి దూరం. నలభై మంది పిల్లలు ఉంటేనే కేంద్రం అనే లెక్క అక్కడ నడవదు. పది మంది ఉన్నా పెట్టాలె. మన వాడల పిల్లలది కూడా ఒక రకంగా ఇదే బాధ. ఇంట్లో మనం మాట్లాడే మాటను బడి "మొరటు మాట" అంటది. నాలుగేండ్ల పిల్ల మాటను వెక్కిరిస్తే ఆ పిల్ల ఇంక నోరు తెరవదు.

మన కాడ లేనిది కాదు

మంచి బాలబడికి కోట్లు కావాలె, రంగుల గోడలు కావాలె అనుకోవద్దు. రంగుల గోడ ఫొటోకు పనికొస్తది. చదువుకు కావాల్సిన సామాను వాడలోనే ఉన్నది. చింతగింజలు, గవ్వలు, ఓనగుంటలు లెక్క నేర్పుతయి. దప్పు మీద రెండు దెబ్బలు, ఆపి మూడు దెబ్బలు కొట్టి "ఎన్ని?" అని అడిగితే చెవి తయారైతది, లెక్కా వస్తది. బతుకమ్మ చుట్టూ చప్పట్లు కొడుతూ పాడే పాటలో ప్రాస ఉన్నది, ఒక మాట చివర ఇంకో మాట చివరతో కలిసే చప్పుడు ఉన్నది. బంకమట్టి పిసికితే వేళ్ళకు బలం వస్తది. ముసలవ్వలు చెప్పే కథలు ఉన్నయి. మేకలను, పిట్టలను, చెట్లను పేరు పేరునా గుర్తుపట్టే పిల్లలు మనోళ్ళు. వాళ్ళకు తెలిసిన దాని నుంచి మొదలుపెట్టి తెలవని దాని కాడికి తీసుకుపోవడమే చదువు. కావాల్సింది తీరిక ఉన్న టీచరు, శిక్షణ ఉన్న టీచరు, మన పిల్ల మీద నమ్మకం ఉన్న టీచరు.

ఒకనాడు భాగ్యరెడ్డి వర్మ ఎవరి కోసమూ ఆగలేదు. 1910 నుంచి హైదరాబాదులో మన పిల్లల కోసం బడులు తెరిచిండు. ఆయన కాలంలో మన చేతిలో చట్టం లేదు, ఓటు లేదు. ఇప్పుడు రెండూ ఉన్నయి.

ఏం చేద్దాం

ప్రతి వాడ సంఘం ఈ పక్షంలోనే ఒక పని మొదలుపెట్టాలె. ఆరేండ్ల లోపు పిల్లల పేర్లు, వయసు ఇంటింటికీ తిరిగి రాయండి. నలభై మంది ఉండి కేంద్రం లేకుంటే 2006 డిసెంబర్ 13 సుప్రీంకోర్టు ఆదేశం పేరు రాసి, అందరి సంతకాలు, వేలిముద్రలు తీసుకుని సీడీపీవోకు, సోమవారం ప్రజావాణిలో కలెక్టరుకు దరఖాస్తు ఇవ్వండి. రశీదు తీసుకోండి. రశీదు తారీఖు నుంచి మూడు నెలలు లెక్క పెట్టండి. దాటితే కలెక్టరేట్ ముందు కూచుందాం.

కేంద్రం ఉన్న చోట తల్లులు ముగ్గురు, నలుగురు వంతులేసుకుని వారానికోసారి పోయి చూడండి. ఈ రోజు కథ చెప్పిండ్రా? పాట పాడించిండ్రా? పిల్లల చేతికి బొమ్మలు ఇచ్చిండ్రా, లేక బీరువాలో తాళం వేసిండ్రా? పిల్లలంతా కలిసి కూచున్నరా, వాడ పిల్లలు విడిగా కూచున్నరా? గుడ్డు పిల్ల చేతికి వచ్చిందా, రిజిస్టరుకే వచ్చిందా? తాళం ఎన్ని గంటలకు పడ్డది? చదువు రాకున్నా ఈ ప్రశ్నలు అడగొచ్చు.

సర్కారును అడగాల్సినవి ఇవి:

1. మూడు నుంచి ఆరేండ్ల చదువును "చేయవచ్చు" నుంచి "చేయాలె"కు మార్చాలె, హక్కుగా రాయాలె.

2. ప్రతి ఎస్సీ వాడలో, తండాలో, పెంటలో సొంత భవనంతో అంగన్వాడీ పెట్టాలె. 2017 చట్టం కింద ఉన్న ఎస్సీ, ఎస్టీ ప్రత్యేక అభివృద్ధి నిధి నుంచి పైసలు దీనికి కేటాయించాలె, వేరే పనులకు మళ్ళించొద్దు.

3. వాడ కేంద్రంలో వాడ మనిషినే టీచరుగా, తండాలో తండా మనిషినే టీచరుగా తీసుకోవాలె.

4. ప్రతి కేంద్రంలో చదువు చెప్పేందుకు ఒకరు, తిండి, రిజిస్టర్ల పనికి ఇంకొకరు ఉండాలె. ఇద్దరినీ ఉద్యోగులుగా గుర్తించి జీతం ఇవ్వాలె.

5. కూలికి పోయిన తల్లి తిరిగి వచ్చేదాక కేంద్రం నడవాలె. వలస పోయే కుటుంబం పిల్ల పేరు ఏ ఊరి రిజిస్టర్లో ఉన్నా, పోయిన చోట కూడా బువ్వ, చదువు దొరకాలె.

6. సర్కారు బడుల్లో ప్రీ ప్రైమరీ తరగతులు తెరుస్తున్నమని చెబుతున్నరు. మంచిదే. కానీ ఆ పేరుతో వాడల్లో ఉన్న అంగన్వాడీలను ఖాళీ చేసి ఊరి నడుమకు గుంజుకుపోతే ఊరుకోం.

కొంతమంది పెద్దలు అడుగుతరు: భూమి సమస్య ఉండంగ, కూలి సమస్య ఉండంగ, అట్రాసిటీ కేసులు ఉండంగ ఈ పసిపిల్లల ఆటపాటల గురించి పత్రికలో సంపాదకీయం ఎందుకని. ఎందుకంటే మన జీతగాండ్లను తయారు చేసిన కార్ఖానా ఇక్కడ మొదలైతది. మూడేండ్లకు వదిలేసిన పిల్లను పదేండ్లకు బర్ల కాడ నిలబెడుతరు, ఇరవై ఏండ్లకు గుంపు మేస్త్రీకి అప్పగిస్తరు. నోరు తెరిచి అడిగే మనిషి నాలుగేండ్లకే తయారు కావాలె. భూమి కొట్లాట చేసేది ఆ మనిషే, కూలి కొట్లాట చేసేది ఆ మనిషే.

నల్లగొండ, సూర్యాపేట, యాదాద్రి, మహబూబ్‌నగర్, నాగర్‌కర్నూల్, వనపర్తి, గద్వాల, నారాయణపేట. జిల్లాలు ఎన్ని చీల్చినా వాడ ఒక్కటే. ప్రతి వాడ సంఘం తన పిల్లల లెక్క, కేంద్రం ఎంత దూరంలో ఉన్నది, లోపల ఏం జరుగుతున్నది రాసి పంపండి. వచ్చే సంచికలో అచ్చు వేస్తం. దరఖాస్తు ఇచ్చిన తారీఖు తప్పకుండా రాయండి, మూడు నెలల లెక్క మేము కూడా పెడతం.

జై భీమ్.